నడుం ఆపరేషన్ తర్వాత కొన్న సామాన్లు: ఏది పనికొచ్చింది, ఏది మూలన పడింది

ఇది ఒక్క వస్తువు రివ్యూ కాదు, నడుం ఆపరేషన్ అయ్యాక ఇంట్లోకి వచ్చిపడ్డ సామాన్లన్నిటిదీ, దాంతోపాటు ఇంటికొచ్చి చేసే ఫిజియో సర్వీస్‌దీ. నాకు చేసింది ఎల్4-ఎల్5 ఫ్యూజన్, అంటే నడుం భాగంలోని నాలుగో, ఐదో పూసల్ని కలిపి అతికించడం. పూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ పాడైపోతే దాన్ని తీసేసి ఆ ఖాళీలో చిన్న కేజ్ పెట్టి, పై పూసనీ కింది పూసనీ టైటానియం స్క్రూలు రాడ్లతో బిగించి, మధ్యలో ఎముక ముక్కలు సర్దుతారు, ఆ రెండు పూసలూ నెలల తరబడి మెల్లగా అతుక్కుని ఒకటే ఎముక అవ్వాలి. దానికి ముందు ఏళ్ళ తరబడి నడుం నొప్పి, కాల్లోకి పాకే సయాటికా, మాత్రలు, వెన్నులో ఇంజెక్షన్లు, ఎవరో ఒకరు చెప్పిన నూనెలు, ఇవన్నీ అయిపోయాకే కత్తి దాకా వెళ్ళాం. మీకు చేసేది మైక్రోడిసెక్టమీ అయితే, అంటే బయటికి తోసుకొచ్చిన డిస్క్ ముక్క వరకే తీసేదైతే, ఇందులో సగం సామాన్లు మీకు అక్కర్లేకపోవచ్చు, చదివి వదిలేయండి.

నా తీర్పు ముందే చెప్పేస్తా. మనల్ని ఒంగకుండా ఆపే వస్తువులకి డబ్బు పెట్టండి, నొప్పి తీసేస్తాం అని డబ్బా మీద రాసుకున్న వాటికి ఒకటికి రెండుసార్లు ఆలోచించి పెట్టండి. నా అనుభవంలో మొదటి రకం చూడ్డానికి ప్లాస్టిక్ బొమ్మల్లా ఉంటాయి కానీ పొద్దున లేచిన దగ్గర్నుంచి వాడుతూనే ఉన్నా, రెండో రకం ఫోటోల్లో బ్రహ్మాండంగా ఉండి బీరువా పైకెక్కాయి.

ఎందుకంటారా, డిశ్చార్జ్ చేసేటప్పుడు మూడు ముక్కలు చెప్తారు: ఒంగొద్దు, బరువెత్తొద్దు, మెలి తిరగొద్దు. బరువంటే మొదట్లో నాలుగైదు కిలోల లోపే అని నాకు గీత గీశారు. వినేటప్పుడు ఇంతేనా అనిపిస్తుంది. ఇంటికొచ్చాక తెలుస్తుంది మనిషి రోజు మొత్తంలో ఎన్నిసార్లు ఒంగుతాడో, చార్జర్ వైర్ కిందపడుతుంది, చెప్పు తిరగబడుతుంది, ఫ్రిజ్ కింది అరలోంచి ఏదో తియ్యాలి, ఆఖరికి పళ్ళు తోముకుని ఉమ్మాలన్నా సింక్ మీదికి ఒంగాల్సిందే (దానికి ఒక గ్లాసు పెట్టుకోండి, నిటారుగా నిలబడి గ్లాసులో ఉమ్మి పారబోయడం, అంతే).

ఈ ఒంగడం గొడవ ఊరికే భయపెట్టడానికి చెప్పేది కాదు. 1960ల్లో నాకెమ్సన్ అని స్వీడన్ సర్జన్ డిస్క్‌లోకి సూది పంపించి ఏ భంగిమలో ఎంత ఒత్తిడి పడుతుందో కొలిచాడు. తర్వాత 1999లో జర్మనీలో విల్కే అనే ఆయన బృందం ఆరోగ్యంగా ఉన్న ఒక మనిషి ఎల్4-ఎల్5 డిస్క్‌లోనే సెన్సర్ పెట్టి రోజువారీ పనులన్నీ చేయించింది. పడుకుంటే 0.1 మెగాపాస్కల్, నిలబడితే 0.5, నిలబడి ఊరికే ముందుకి ఒంగితే 1.1, 20 కిలోలు నడుం ఒంచి ఎత్తితే 2.3, అదే బరువు మోకాళ్ళు మడిచి ఎత్తితే 1.7. చేతిలో ఏమీ లేకుండా ఒంగినా నిలబడినప్పటికి రెట్టింపు అన్నమాట. నీ డిస్క్ తీసేశారు కదా ఇంకేంటి అంటారేమో, ఆ బరువు ఇప్పుడు స్క్రూల మీదా, పైనా కిందా మిగిలిన డిస్కుల మీదా పడుతుంది, అదింకా డేంజర్.

అందుకే మొదటి మార్కు గ్రాబర్‌కి. చేతిలో పట్టుకుని ట్రిగ్గర్ నొక్కితే అవతలి కొసన దవడలు మూసుకుంటాయి చూడండి, రోడ్డు మీద చెత్త ఏరేవాళ్ళ చేతిలో కనిపిస్తుంది, అదే. దీనికి ఐదుకి ఐదు. 80 సెంటీమీటర్లు అటూఇటుగా ఉన్నది తీసుకోండి, అంతకన్నా పొట్టిదైతే నేల అందడానికి మళ్ళీ కాస్త ఒంగాలి, ఇక కొన్నది ఎందుకు. మధ్యలో మడతపడే మోడల్ కూడా ఒకటి వచ్చింది ఇంటికి, దాచుకోవడానికి బాగుంటుంది కానీ కొన్నాళ్ళకే ఆ కీలు దగ్గర వదులై, పట్టుకున్న వస్తువు ఊగడం మొదలైంది. మడత లేనిదే మేలు. దవడల లోపల రబ్బరు ఉండాలి, కొసన చిన్న అయస్కాంతం ఉంటే తాళాలు పిన్నీసులు వాటంతటవే అంటుకుంటాయి, తల 90 డిగ్రీలు తిరిగేదైతే మంచం కింద అడ్డంగా దూర్చచ్చు. ట్రిగ్గర్ మాత్రం షాపులోనే పదిసార్లు నొక్కి చూడండి, కొన్నిటి స్ప్రింగ్ ఎంత బిగుసుగా ఉంటుందంటే నడుం సంగతి దేవుడెరుగు, బొటనవేలు పట్టేస్తుంది.

దీంట్లో కాస్త పనితనం నేర్చుకోవాలి. మాత్రల స్ట్రిప్ నేల మీద బల్లపరుపుగా పడితే ఏ గ్రాబరూ ఎత్తలేదు, దవడలు దానిమీద జారుతూనే ఉంటాయి, అప్పుడు దాన్ని మెల్లగా గోడ దాకానో సోఫా కాలి దాకానో నెట్టాలి, అంచు గోడకి తగిలి కొద్దిగా పైకి లేస్తుంది, ఆ లేచిన అంచు దగ్గర పట్టుకోవాలి. ప్యాంట్ వేసుకోడానికి కూడా ఇదే, మంచం అంచున కూర్చుని నడుం పట్టీని గ్రాబర్‌తో పట్టుకుని కిందికి దింపి, పాదం దూర్చి, పైకి లాక్కోవడం. నొప్పి ఎక్కువున్న కాలు ముందు వెయ్యాలి, విప్పేటప్పుడు చివర విప్పాలి. ఒకటి కాదు రెండు కొనండి, ఒకటి మంచం పక్కన, ఒకటి హాల్లో, ఎందుకంటే గ్రాబరే కిందపడితే దాన్ని తియ్యడానికి ఇంకో గ్రాబర్ కావాలి, నేను జోక్ చెయ్యట్లేదు. నిండు నీళ్ళ సీసాలాంటి బరువులకి వాడొద్దు, చెయ్యి చాచి పట్టుకున్న బరువు నడుం మీదే పడుతుంది.

రెండోది కమోడ్ మీద బిగించే ఎత్తు సీటు, టాయిలెట్ సీట్ రైజర్ అంటారు. ఆపరేషన్ గురించి నాకు సలహాలిచ్చినవాళ్ళలో ఒక్కరు కూడా దీని సంగతి చెప్పలేదు, హాస్పిటల్లో నర్స్ చెప్పింది. మామూలు కమోడ్ ఎత్తు తక్కువ, కూర్చుంటే మోకాళ్ళు తుంటికంటే పైకొస్తాయి, లేవాలంటే మొత్తం ముందుకి ఒంగి ఊపుతో లేవాలి, వద్దన్న పని సరిగ్గా అదే. ఇవి 5, 10, 15 సెంటీమీటర్ల ఎత్తుల్లో దొరుకుతాయి. ఎత్తు ఎక్కువైతే అంత మంచిదేం కాదు, పాదాలు పూర్తిగా నేలకి ఆనాలి, పొట్టిగా ఉన్నవాళ్ళు 15 తీసుకుంటే కాళ్ళు వేలాడతాయి, దాంతో ముక్కడం కష్టం, బ్యాలెన్సూ ఉండదు. నాకు 10 సరిపోయింది. ఊరికే పైన కూర్చోబెట్టే రకం వద్దు, పక్కకి ఒరిగితే సీటుతో సహా జారతారు, లోపల క్లాంప్ స్క్రూతో బిగించేది, రెండు వైపులా చేతులానుకునే హ్యాండిళ్ళు ఉన్నది చూడండి. హ్యాండిల్ లేకపోతే గోడకి ఒక గట్టి పట్టు రాడ్ అయినా ఉండాలి, టవల్ రాడ్ పట్టుకుని లేవకండి, అది మన బరువుకి కాదు పెట్టింది. ఐదుకి నాలుగున్నర, ఆ అర ఎందుకు తగ్గించానంటే క్లాంప్ చుట్టూ శుభ్రం చెయ్యడం పెద్ద పని, ఆ పని చేసేది మనం కాదు, ఇంట్లోవాళ్ళు.

ఈ బాత్రూం టాపిక్ మీద ఉన్నప్పుడే చెప్పాలి, సిగ్గుపడితే కుదరదు. ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి మాత్రలు పేగుల్ని మందగింపజేస్తాయి, మలబద్ధకం దాదాపు గ్యారంటీ, ముక్కితే ఆ ప్రెజర్ కుట్ల దాకా తెలుస్తుంది. విరేచనం మెత్తబడే మందు నొప్పి మాత్రలతో పాటే మొదటి రోజు నుంచి రాయమని అడగండి, ఇబ్బంది మొదలయ్యాక అడగడం కాదు. కడుక్కునేటప్పుడు వెనక్కి మెలి తిరగాల్సిన పని లేకుండా హ్యాండ్ ఫాసెట్ గానీ జెట్ గానీ ఉంటే మంచిది. స్నానానికి రబ్బరు కాళ్ళున్న స్టూల్, చేత్తో పట్టుకునే షవర్, జారని మ్యాట్, ఈ మూడూ కలిపి ఐదుకి ఐదు, వీటి గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు, కొనెయ్యండి.

ఇక అందరూ అడిగేది, బెల్ట్. నాది మెత్తటి నడుం పట్టీ కాదు, వెనక గట్టి ప్లేట్ ఉండి రెండు పక్కలా తాళ్ళు లాగితే బిగుసుకునే రకం, ఎల్‌ఎస్‌ఓ అంటారు. దీని మీద నాకు మిశ్రమ అభిప్రాయం. వేసుకోగానే ఒక ధైర్యం వస్తుంది, అది నిజం, నలుగురి మధ్యకి వెళ్ళినప్పుడు బెల్ట్ కనిపిస్తే జనం గుద్దకుండా పక్కకి జరుగుతారు, అదీ నిజం. కానీ వెన్నుని అది పట్టుకుని నిలబెడుతుంది అనుకుంటే పొరపాటు, లోపల పట్టుకుని ఉన్నవి స్క్రూలు, బెల్ట్ కాదు. స్క్రూలు రాడ్లతో చేసిన ఫ్యూజన్ తర్వాత బెల్ట్ పెట్టుకున్నవాళ్ళనీ పెట్టుకోనివాళ్ళనీ పోల్చి చూసిన స్టడీల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు, అందుకే కొందరు సర్జన్లు అసలు రాయరు, కొందరు మూడు నెలలు కచ్చితంగా పెట్టుకోమంటారు. మీ సర్జన్ ఏది చెప్తే అది చెయ్యండి, మీ ఎముక గట్టిదనం, ఎన్ని లెవెల్స్ చేశారు అనేది ఆయనకే తెలుసు. నా వరకు అది పక్కన కూర్చుని ఒంగినప్పుడల్లా గిల్లే మనిషి లాంటిది, ఒంగబోతే పై అంచు పక్కటెముకల్లో గుచ్చుతుంది, వెంటనే గుర్తొచ్చి ఆగుతాం. ఆ గుర్తు చేసే పనికి మూడు మార్కులు.

వాడకంలో ఇబ్బందులు చెప్తా. నిలబడినప్పుడు సరిగ్గా ఉన్న బెల్ట్ కూర్చోగానే పైకి తోసుకొచ్చి పొట్టని నొక్కుతుంది, కాబట్టి కొనేటప్పుడు కూర్చుని కూడా చూడాలి, కింది అంచుకీ తొడకీ మధ్య కాస్త ఖాళీ ఉండాలి. చుట్టుకొలత వాపు తగ్గాక మారుతుంది, నాది కొన్ని వారాల్లోనే వదులైపోయింది, అందుకే రెండు సైజుల మధ్యలో ఉంటే చిన్నది తీసుకోండి, పెద్దదాన్ని చివరి దాకా లాగినా ఇక బిగియదు. ఒంటి మీద నేరుగా వేస్తే చెమటకి కుట్ల దగ్గర దురద, లోపల అతుకులు లేని పల్చటి కాటన్ బనీను తప్పనిసరి. వెల్క్రో శబ్దం ఇంకో పెద్ద బాధ, రాత్రి రెండింటికి బాత్రూంకి లేచి దాన్ని విప్పితే చర్రుమని ఇల్లంతా లేస్తుంది, మా ఆవిడ "మళ్ళీ ఏమైందండీ" అంటూ పరిగెత్తుకొచ్చేది. అమ్మినతను ఇది వేసుకుంటే జారిన డిస్క్ లోపలికి పోతుంది అన్నాడు, ఆపరేషన్ చేయించుకున్నవాడికే చెప్తున్నాడు పాపం, ఏ బెల్టూ అలాంటి పని చెయ్యదు. ఆపరేషన్ లేని మామూలు నడుం నొప్పికైతే బ్రిటన్‌లో డాక్టర్లకి వైద్య గైడ్‌లైన్లు ఇచ్చే నైస్ అనే సంస్థ వాళ్ళు 2016లో ఇచ్చిన గైడ్‌లైన్‌లో బెల్టులు ఇవ్వొద్దనే రాశారు. లోపల అయస్కాంతాలు, రాళ్ళు కుట్టిన బెల్టులుంటాయి, వాటి జోలికి పోకండి, ధర తప్ప ఏమీ పెరగదు.

అదే గైడ్‌లైన్ టెన్స్ మెషిన్‌ని కూడా వద్దంది. చర్మం మీద ప్యాడ్లు అంటించి చిన్న కరెంట్ పంపే డబ్బా, నా దగ్గర ఆపరేషన్‌కి ముందు నుంచీ ఉంది. 1965లో మెల్జాక్, వాల్ అని ఇద్దరు గేట్ కంట్రోల్ థియరీ చెప్పారు, చర్మం మీది స్పర్శ సంకేతాలు వెన్నుపాములో నొప్పి సంకేతాలకి అడ్డుపడతాయని, దెబ్బ తగిలిన చోట రుద్దుకుంటే హాయిగా ఉండటానికి కారణం అదే, ఈ మెషిన్ కూడా ఆ ఆలోచన మీద పుట్టిందే. ఆన్‌లో ఉన్నంతసేపు చిమచిమ, నొప్పి మీద ధ్యాస పోతుంది, ఆపగానే మామూలే. గాయం మానకుండా ఆ దగ్గర ప్యాడ్ పెట్టకూడదు. రెండు మార్కులు, ఆ రెండూ దాని బ్యాటరీ చాలాకాలం వచ్చినందుకు.

పరుపు. నడుం నొప్పి మనిషి కనబడితే జనం చెప్పే మొదటి మాట, గట్టి పరుపు మీద పడుకో, వీలైతే చెక్క మీద పడుకో. 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో స్పెయిన్ వాళ్ళ స్టడీ ఒకటి వచ్చింది, దీర్ఘకాలంగా నడుం నొప్పి ఉన్న 313 మందికి సగం మందికి గట్టి పరుపు, సగం మందికి మధ్యస్థంగా గట్టిది ఇచ్చి చూస్తే మధ్యస్థం వాడినవాళ్ళకే ఎక్కువ ఉపశమనం. అది ఆపరేషన్ అయినవాళ్ళ మీద చేసింది కాదు, కానీ చెక్క మీద పడుకోమనే మామయ్యలకి చెప్పడానికి పనికొస్తుంది. ఆర్థోపెడిక్ అని అచ్చేసిన ప్రతి పరుపుకీ ఎక్కువ పెట్టక్కర్లేదు, ఆ మాట వెనక అన్ని కంపెనీలూ పాటించే కొలతేం లేదు. నాకు పరుపుకంటే మంచం ఎత్తే పెద్ద తేడా తెచ్చింది, అంచున కూర్చుంటే పాదాలు నేలకి ఆని మోకాళ్ళు తుంటికంటే కాస్త కిందుండాలి, మాది తక్కువ ఎత్తు మంచం, కాళ్ళ కింద పెట్టే గట్టి ఎత్తు దిమ్మలు నాలుగు తెప్పించారు, సమస్య తీరిపోయింది. పక్కకి పడుకుంటే మోకాళ్ళ మధ్య ఒక దిండు, వెల్లకిలా అయితే మోకాళ్ళ కింద, దానికి ప్రత్యేకమైన నీ పిల్లో ఏమీ కొనక్కర్లేదు, ఇంట్లో మామూలు దిండు చాలు.

రిక్లైనర్ ఒకటి మా బావగారు ప్రేమగా పంపించారు, చాలా మంచి మనసు, కుర్చీ మాత్రం నాకు పనికిరాలేదు. లోతు ఎక్కువ, కూర్చుంటే నడుం గుండ్రంగా ఒంగిపోతుంది, లివర్ లాగడానికి పక్కకి మెలి తిరగాలి. బటన్‌తో లేపి నిలబెట్టే మోటార్ రకం అయితే వేరేమో. నాకు పనికొచ్చింది డైనింగ్ టేబుల్ దగ్గరుండే గట్టి చేతుల కుర్చీ, అది కూడా ఒక దఫాకి ఇరవై ముప్ఫై నిమిషాలు మించకుండా, మళ్ళీ లేచి నాలుగడుగులు.

చిన్నాచితకా చకచకా చెప్పేస్తా. పొడుగు షూ హార్న్, 60 సెంటీమీటర్లు దాటినది, బ్రహ్మాండం. సాక్స్ తొడిగే ప్లాస్టిక్ గొట్టం, తాళ్ళుంటాయి దానికి, మొదటి రెండుసార్లు తిట్టుకుంటారు తర్వాత అలవాటవుతుంది, సాక్స్ వేసుకోనివాళ్ళకి అనవసరం. చెప్పుల్లో మడమ వెనక పట్టీ ఉన్నవి వాడండి, వెనక తెరిచున్నవి జారతాయి. జెల్ ఐస్ ప్యాక్ మంచిదే, బట్ట చుట్టి 15-20 నిమిషాలు, చర్మం మొద్దుబారి ఉన్న చోట మాత్రం జాగ్రత్త, అక్కడ కాలినా తెలీదు. ఇంకోటి, ఫ్యూజన్ అయినవాళ్ళకి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కొంతకాలం వద్దంటారు చాలామంది సర్జన్లు, ఎముక అతుక్కోవడం ఆలస్యం అవుతుందేమోనని, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే అలవాటున్నవాళ్ళు గుర్తుంచుకోండి. సిగరెట్ అయితే అనుమానమే లేదు, నికోటిన్ ఎముక అతుక్కోవడాన్ని దెబ్బతీస్తుంది, ఇన్ని సామాన్లు కొని అది మాననివాళ్ళకి ఈ రివ్యూ దండగ.

ఇప్పుడు ఫిజియో సర్వీస్. మొదట ఒక ఇంటికొచ్చే కంపెనీ ప్యాకేజీ తీసుకున్నాం, పేరు రాయను. ఒక మార్కు, అది కూడా టైంకి వచ్చారని. ప్రతిసారీ కొత్త మనిషి, ప్రతి మనిషికీ మొదటి నుంచీ కథంతా చెప్పాలి, ఒకబ్బాయి వచ్చీ రాగానే కాపడం ప్యాక్ పెట్టి, పడుకోబెట్టి రెండు మోకాళ్ళూ ఛాతీకి తెమ్మన్నాడు. "బాబూ, నాది ఫ్యూజన్, డిశ్చార్జ్ కాగితం చూశావా" అంటే "అందరికీ ఇదే ప్రోటోకాల్ సార్" అన్నాడు. అక్కడితో నమస్కారం పెట్టేశాం, మిగిలిన సెషన్ల డబ్బు వెనక్కి ఇవ్వమంటే వాలెట్‌లో వేస్తాం అన్నారు.

రెండో ఫిజియో ఏ కంపెనీ మనిషీ కాదు, సొంతంగా చేసే ఒక మేడం. తేడా మొదటి పావుగంటలోనే తెలిసింది. ముందు ఆపరేషన్ నోట్స్ అడిగారు, ఎక్స్‌రే చూశారు, సర్జన్ ఏమేం వద్దన్నాడో రాసుకున్నారు, అప్పుడు కూడా ఎక్సర్‌సైజ్ ఏమీ చెప్పకుండా "మీరు మంచం మీంచి ఎలా లేస్తారో ఒకసారి చూపించండి" అన్నారు. నేను మోచేతి మీద ఆని సగం లేచేసరికి ఆపేశారు. "లేవడం కాదండీ, ముందు దొర్లండి. భుజం, తుంటి, మోకాలు మూడూ ఒకేసారి తిరగాలి, నడుం మధ్యలో తెగకూడదు. ఇప్పుడు కాళ్ళు మంచం కిందికి వదిలెయ్యండి, ఆ బరువుకే పైభాగం లేస్తుంది, మీరు చేత్తో నెట్టండి చాలు." హాస్పిటల్లో కూడా చెప్పారు ఈ లాగ్ రోల్, కానీ నిద్రమత్తులో రాత్రి లేచేటప్పుడు కూడా అదే వచ్చేదాకా చేయించింది ఈవిడే. ఆ సెషన్ మొత్తం మంచం, కుర్చీ, కమోడ్, మెట్లు, వీటితోనే గడిచిపోయింది. మా ఆవిడ లోపలికెళ్ళాక అడిగింది, ఏమీ చేయించకుండానే వెళ్ళిపోయారేంటి అని. చేయించింది అదే మరి.

తర్వాత కూడా చాలాకాలం నడకే ఆవిడ మందు. పొద్దున కాస్త, మధ్యాహ్నం కాస్త, సాయంత్రం కాస్త, ఒకేసారి ఎక్కువ దూరం కాదు, రోజుకి కొంచెం పెంచుకుంటూ. అసలు కోర్ ఎక్సర్‌సైజులు, అంటే పొట్ట, నడుం కండరాల్ని గట్టిపరిచేవి, సర్జన్ ఓకే చెప్పాకే, ఫ్యూజన్ వాళ్ళకి అది సాధారణంగా 6 నుంచి 12 వారాల మధ్య ఉంటుంది. ఏళ్ళ తరబడి నొప్పికి భయపడి బతికిన మనిషికి ఒక రోగం ఉంటుంది, ప్రతి కదలికకీ ముందే ఊపిరి బిగబట్టి ఒళ్ళంతా బిర్రుగా చేసుకోవడం, ఆపరేషన్‌తో డిస్క్ పోతుంది కానీ ఆ బిగబట్టడం పోదు. ఆవిడ అది కనిపెట్టి, నడిచేటప్పుడు మాట్లాడించేవారు, మాట ఆగిందంటే నేను ఊపిరి బిగబట్టినట్టు లెక్క. ఈ ఒక్కదానికే ఐదుకి ఐదు ఇవ్వచ్చు.

కాలు తిమ్మిరి గురించి కూడా సూటిగా చెప్పింది ఆవిడే. కాల్లోకి లాగే నొప్పి ఆపరేషన్ తర్వాత చాలామందికి త్వరగానే తగ్గుతుంది, నాకూ తగ్గింది, బలం తర్వాత వస్తుంది, మొద్దుబారడం అన్నిటికంటే ఆఖర్న పోతుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది కూడా. దెబ్బతిన్న నరం పోగు మళ్ళీ పెరగాల్సి వస్తే రోజుకి దాదాపు ఒక మిల్లీమీటర్ వేగం, నడుం నుంచి బొటనవేలి దాకా ఎంత దూరమో టేపు పెట్టి కొలుచుకోండి, ఓపిక దానంతటదే వస్తుంది. మధ్యలో కొన్ని వారాల తర్వాత ఒక రోజు పాత నొప్పి మళ్ళీ కాల్లోకి దిగితే నేను బెంబేలెత్తిపోయా, అంతా వృథా అయిందనుకున్నా, ఆవిడ పాదం పైకి ఎత్తించి, మడమల మీద నడిపించి చూసి, బలం తగ్గలేదు, ఎక్కువ నడిచారు అంతే, రెండ్రోజులు తగ్గించండి, తగ్గకపోతే సర్జన్‌కి ఫోన్ చెయ్యండి అన్నారు. తగ్గింది. అయితే ఏది ఆగకుండా హాస్పిటల్‌కి పోవాల్సిందో కూడా రాసి ఫ్రిజ్ మీద అంటించారు: మూత్రం రాకపోవడం లేదా తెలీకుండా పోవడం, తొడల మధ్య కూర్చునే చోట స్పర్శ తెలీకపోవడం, పాదం లేవకపోవడం, జ్వరం, కుట్ల నుంచి నీరో చీమో కారడం, ఒక పిక్క వాచి నొప్పి పెట్టడం, ఆయాసం. ఈ లిస్టు ఇవ్వని ఫిజియోని నేనైతే రెండోసారి పిలవను.

ఫిజియోని ఎంచుకునేటప్పుడు ఒకే ఒక్క ప్రశ్న అడగండి, మీరు నా సర్జన్‌తో మాట్లాడతారా అని. మాట్లాడతాను నంబరివ్వండి అన్నవాళ్ళని పెట్టుకోండి. మెషిన్లు ఎన్ని తెస్తారన్నది లెక్కలోది కాదు, మా మేడం బ్యాగ్‌లో ఒక టేపూ ఒక సాగే బ్యాండూ తప్ప నేనెప్పుడూ ఏమీ చూడలేదు.

వాకర్ సంగతి మర్చిపోయా. అది కొనకండి, అద్దెకి తెచ్చుకోండి, ఎక్కువకాలం అక్కర్లేదు చాలామందికి. నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే మణికట్టు దగ్గర గీత ఎక్కడొస్తుందో హ్యాండిల్ అంత ఎత్తులో పెట్టుకోవాలి, తక్కువ పెడితే ఒంగి నడుస్తారు. నాలుగు కాళ్ళూ ఒకే రంధ్రంలో లాక్ అయ్యాయో లేదో చూసుకోండి, మాకు వచ్చినదానికి ఒక కాలు ఒక మెట్టు కిందుంది, గచ్చు మీద టకటకమంటే మా అమ్మాయి కనిపెట్టింది. కింద రబ్బరు బుష్‌లు అరిగి లోహం కనబడుతుంటే అక్కడికక్కడే మార్పించండి, అవి విడిగా దొరుకుతాయి, అద్దెకిచ్చేవాళ్ళు అడిగితేనే మారుస్తారు.